గ్రే గార్డెన్స్ చిన్న ఈడీ: డాక్యుమెంటరీ మనిషి కల్ట్ ప్రతీక అయిన తీరు

డాక్యుమెంటరీలో కనిపించిన ఓ వింత మనిషి, ఆ సినిమా ఆడి వెళ్లిపోయాక కూడా జనం నోళ్లలో, వేషాల్లో, నాటకాల్లో బతుకుతూ ఉండటాన్ని కల్ట్ ఖ్యాతి అంటారు. తెలుగునాట ఇప్పుడు ‘కల్ట్ బొమ్మ’ అంటే మొదటి వారం హౌస్‌ఫుల్ బోర్డులు పడ్డ ఏ సినిమా అయినా కావచ్చు. సినిమా చరిత్రలో ఈ మాటకున్న అర్థం దాదాపు దీనికి తలకిందులు. విడుదలైనప్పుడు కొద్దిమందే చూస్తారు. ఆ కొద్దిమందే పదేపదే చూసి, మాటలు కంఠతా పట్టి, మరో పదిమందికి అంటిస్తారు. కథా చిత్రాలకు ఇది జరుగుతూనే ఉంటుంది. సొంత పేరుతో, సొంత ఇంట్లో, సొంత కష్టాలతో తెరకెక్కిన నిజం మనిషికి జరగడం మాత్రం అరుదు. అలాంటివాళ్లలో ముందుగా చెప్పుకోవలసింది 1975 నాటి అమెరికన్ డాక్యుమెంటరీ ‘గ్రే గార్డెన్స్’లోని ఈడిత్ బూవియే బీల్ గురించి. తల్లీకూతుళ్లిద్దరి పేరూ ఈడిత్ కావడంతో అభిమానులు తల్లిని బిగ్ ఈడీ అనీ, కూతుర్ని లిటిల్ ఈడీ అనీ పిలుస్తారు. ఈ వ్యాసంలో వాళ్లు పెద్ద ఈడీ, చిన్న ఈడీ.

ఇల్లు, మనుషులు

న్యూయార్క్ నగరానికి తూర్పున, లాంగ్ ఐలాండ్ చివరి కొస దగ్గర ఈస్ట్ హాంప్టన్ అనే ఊరుంది. డబ్బున్నవాళ్లు సముద్రపు గాలి కోసం వేసవి బంగళాలు కట్టుకున్న చోటు అది. 1897లో కట్టిన అలాంటి బంగళాను 1923లో ఫీలన్ బీల్ అనే లాయరు, ఆయన భార్య పెద్ద ఈడీ కొన్నారు. ఇసుక దిబ్బలూ, సిమెంటు తోటగోడలూ, సముద్రం మీది మంచూ అన్నీ బూడిద రంగులో కనిపించడంతో గ్రే గార్డెన్స్ అన్న పేరు వచ్చింది.

పెద్ద ఈడీ 1895లో పుట్టింది. పాటంటే ప్రాణం. ఆమె అన్నదమ్ముల్లో ఒకరైన జాన్ బూవియే కూతురే తర్వాత అమెరికా అధ్యక్షుడి భార్య అయిన జాక్విలిన్ కెనెడీ. మన వరసల్లో చెబితే జాక్విలిన్‌కు పెద్ద ఈడీ స్వయానా మేనత్త, చిన్న ఈడీ వదిన. ఈ చుట్టరికం లేకపోతే ఆ ఇంటి గుమ్మం దాకా పత్రికలూ వచ్చేవి కావు, కెమెరాలూ వచ్చేవి కావు.

1931లో భర్త విడిగా వెళ్లిపోయాడు. 1946లో మెక్సికో నుంచి టెలిగ్రాం పంపి విడాకులు ఇచ్చేశాడు. ఇల్లు మిగిలింది, దాన్ని నడిపే ఆదాయం మిగల్లేదు. 1917లో పుట్టిన చిన్న ఈడీ ఖరీదైన బడుల్లో చదువుకుంది. 1936 జనవరి 1న న్యూయార్క్ పియర్ హోటల్లో, ఈడొచ్చిన అమ్మాయిల్ని పెద్దింటి సమాజానికి పరిచయం చేసే విందు ఆమెకూ జరిగింది. 1947 నుంచి అయిదేళ్లు ఆడవాళ్ల కోసమే నడిచిన బార్బిజాన్ హోటల్లో ఉంటూ రంగస్థలం మీద అవకాశం కోసం తిరిగింది. 1952 వేసవిలో తల్లి దగ్గరికి తిరిగి వచ్చేసింది, అంతే. ఎవరు ఎవరి కోసం ఆగిపోయారన్నది సినిమా పొడవునా తెగని తగువు. అమ్మను చూసుకోవడానికే తన జీవితం ధారపోశానని కూతురి మాట. దాన్ని సాగనిస్తే ఇక ఆమె తల్లే కాదు.

1971 నాటికి ఆ ఇంట్లో లెక్కలేనన్ని పిల్లులు, అటక మీద రకూన్లు, నీళ్లు రాని కుళాయిలు. సఫోక్ కౌంటీ ఆరోగ్య శాఖ వాళ్లు తనిఖీకి వచ్చి, ఇల్లు మనుషులుండటానికి పనికిరాదని ఖాళీ చేయిస్తామన్నారు. గుట్టల కొద్దీ చెత్త మధ్య మాజీ ప్రథమ మహిళ మేనత్త అన్న వార్త టాబ్లాయిడ్ల పంట పండించింది. 1972 జనవరిలో న్యూయార్క్ మ్యాగజైన్ గెయిల్ షీహీ రాసినదాన్ని ముఖచిత్ర కథనంగా వేసింది. జాక్విలిన్, ఆమె చెల్లెలు లీ రాడ్జివిల్ డబ్బు పెట్టి శుభ్రం చేయించి, మరమ్మతులు చేయించి ఇల్లు నిలబెట్టారు.

కెమెరా లోపలికి రావడం

సినిమా పుట్టుక కూడా యాదృచ్ఛికమే. లీ రాడ్జివిల్, ఫొటోగ్రాఫర్ పీటర్ బియర్డ్ కలిసి ఈస్ట్ హాంప్టన్‌లో బూవియేల బాల్యం మీద ఒక చిత్రం తలపెట్టి, ఆల్బర్ట్, డేవిడ్ మేజల్స్ సోదరుల్ని పనిలో పెట్టుకున్నారు. అన్నదమ్ములు ఒకసారి గ్రే గార్డెన్స్ గుమ్మం తొక్కాక మిగతా బూవియేలు వాళ్లకు చప్పగా అనిపించి ఉంటారు. ఆ చిత్రం ఆగిపోయింది. అప్పటి రీళ్లు 2017లో ‘దట్ సమ్మర్’ పేరుతో వెలుగు చూశాయి. మేజల్స్ సోదరులు మాత్రం తమ సొంత సినిమా కోసం మళ్లీ ఆ ఇంటికే వెళ్లారు.

వాళ్లది డైరెక్ట్ సినిమా అనే పద్ధతి. వ్యాఖ్యానం ఉండదు, కుర్చీలో కూర్చోబెట్టి అడిగే ప్రశ్నలుండవు, ముందే రాసుకున్న స్క్రిప్టు ఉండదు. భుజాన మోసే 16 ఎంఎం కెమెరాతో ఆల్బర్ట్, చేత టేపు రికార్డరుతో డేవిడ్; ఇద్దరే మనుషులు. పిల్లుల ఒంటి మీది పురుగులు కుట్టకుండా, పెంపుడు జంతువుల మెడకు కట్టే మందు పట్టీల్ని తమ కాళ్లకు కట్టుకుని వెళ్లేవాళ్లమని ఆల్బర్ట్ తర్వాత చెప్పుకున్నారు. తీసిన గుట్టల కొద్దీ ఫిల్ములోంచి గంటన్నర సినిమాను బయటికి లాగినవాళ్లు ఎలెన్ హోవ్డి, మఫీ మేయర్, సూసన్ ఫ్రోమ్కి అనే ముగ్గురు ఎడిటర్లు. అందులో హోవ్డి, మేయర్‌లకు దర్శకులుగానూ పేరు పడింది. ఇది మర్యాద కోసం వేసిన పేరు కాదు. కథంటూ లేని చోట తల్లీకూతుళ్ల తగువునే కథగా అల్లింది ఎడిటింగ్ బల్లే.

మామూలుగా ఈ పద్ధతిలో కెమెరా ఉనికి ప్రేక్షకుడికి తెలియకూడదంటారు. ఇక్కడ ఆ నియమం మొదటి రోజే కొట్టుకుపోయినట్టుంది. చిన్న ఈడీ కెమెరాతోనే మాట్లాడుతుంది, దానికోసమే ముస్తాబవుతుంది, డేవిడ్‌తో సరసాలాడుతుంది. అద్దంలో అన్నదమ్ములు కనిపిస్తారు. ఆ షాట్లను ఎడిటర్లు కోసిపారెయ్యలేదు.

పిన్నీసులు పెట్టిన లంగా

తోటలోకి చిన్న ఈడీ నడిచి వచ్చే దృశ్యం సినిమా మొదట్లోనే ఉంది. వయసు యాభై అయిదు దాటింది. తలను బిగుతుగా చుట్టిన గుడ్డ చెవుల్నీ మెడనూ కప్పేసింది. కాళ్లకు మేజోళ్లు, వాటి మీద నిక్కరు, దాని మీద నడుముకు చుట్టి పిన్నీసులు పెట్టిన ఇంకో గుడ్డ. ఈ రోజుకు ఇదే తగిన వేషమని ఆమె ఆల్బర్ట్‌కు గంభీరంగా వివరిస్తుంది. ఆడవాళ్లు లంగాల్లో ఉండటం తనకు నచ్చదనీ, పొట్టి లంగా కింద ప్యాంట్లు తొడుక్కుంటే మేజోళ్లను వాటి మీదికి లాక్కోవచ్చనీ, పైనున్న లంగాను ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి భుజాల మీద కప్పుకోవచ్చనీ చెబుతుంది. అమ్మ కిమోనో వేసుకోమందని, దాని మీద పోట్లాట అయిందని కూడా చెప్పేస్తుంది. గొంతులో పాత పెద్దింటి ఉచ్చారణ. మాట ముగిసేసరికి చూసేవాడికి ఆ వేషం వింతగా అనిపించదు. వివరణ అంత పకడ్బందీగా ఉంటుంది.

తలగుడ్డ వెనక ఒక కష్టం ఉంది. జుట్టు రాలిపోయే అలొపీషియా వల్ల ఆమె తల బోడిదైంది. సినిమా ఆ సంగతి ఎక్కడా చెప్పదు. స్వెటరు కనపడితే స్వెటరు, తువ్వాలు దొరికితే తువ్వాలు, ఏది చేతికందితే దాన్నే తలకు చుట్టి దాని మీద ఒక బ్రోచి గుచ్చేది. లోపాన్ని కప్పిపుచ్చుకోవడానికి పుట్టిన ఆ తలకట్టే తర్వాత ఆమె గుర్తింపు చిహ్నమైంది. గుడ్డ, పిన్నీసు, బ్రోచి ఉంటే ఎవరైనా అయిదు నిమిషాల్లో చిన్న ఈడీ కావచ్చు. కల్ట్‌కు ఇది చాలా పెద్ద వసతి. మన పగటివేషగాడికైనా ఇదే కావాలి: దూరం నుంచి చూడగానే ఎవరో తెలిసిపోయే ఆహార్యం, రెండు మూడు మాటల కట్టు.

అలాంటి ముక్కలు సినిమా నిండా ఉన్నాయి. బరువు తూచుకునే మిషను మీద నిలబడి, అంకెలు కనపడక బైనాక్యులర్స్ పెట్టి చూసుకుంటుంది. చిన్న జెండా ఊపుతూ సైనిక కవాతు పాటకు హాల్లో నాట్యం చేస్తుంది. అటక మీది రకూన్లకు బ్రెడ్డు పొట్లం తెరిచి పోస్తుంది. తల్లి మంచం మీదే కూర్చుని పక్కనున్న చిన్న పొయ్యి మీద మొక్కజొన్న కండెలు ఉడికిస్తుంది. గోడకానించిన పెద్ద ఈడీ యవ్వనపు చిత్తరువు వెనక ఒక పిల్లి తన పని కానిస్తుంటే కూతురు గగ్గోలు పెడుతుంది. తల్లి మాత్రం, ఈ ఇంట్లో ఒక్కరైనా తమకిష్టమైన పని చేసుకుంటున్నారు, అదే సంతోషం అన్నట్టు మాట్లాడుతుంది. చేతి సాయానికి వచ్చే జెర్రీ టోరే అనే కుర్రాడికి హాథార్న్ నవల పేరు పెట్టి ‘మార్బుల్ ఫాన్’ అంటుంది చిన్న ఈడీ. ఆ పేరే అతనికి జీవితాంతం మిగిలిపోయి, అతని మీద ఇంకో డాక్యుమెంటరీకి శీర్షిక కూడా అయింది.

వింతగా బతికేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. వాళ్లలో కెమెరాకు చిక్కినవాళ్లంతా కల్ట్ కాలేదు. మేజల్స్ సోదరులే 1969లో ‘సేల్స్‌మన్’ తీశారు. ఇంటింటికీ తిరిగి బైబిళ్లు అమ్మే పాల్ బ్రెన్నన్ అనే మనిషి క్రమంగా కుంగిపోవడం అందులో ఉంది. సినిమాగా అది ‘గ్రే గార్డెన్స్’కు ఏమాత్రం తీసిపోదు. అయినా బ్రెన్నన్ వేషం కట్టినవాళ్లు లేరు. అతన్ని చూస్తే జాలి కలుగుతుంది, అతనిలా ఉండాలని ఎవరికీ అనిపించదు. అతను కెమెరా ముందు దొరికిపోయిన మనిషి. చిన్న ఈడీ ఇరవై ఏళ్లుగా ఆ ఖాళీ గదుల్లో సాధన చేసి, ప్రేక్షకుల కోసం ఎదురుచూస్తున్న నటి. కెమెరా వచ్చింది, తెర లేచింది. తన వింతను తానే ఒక పాత్రగా మలచుకుని ఆడగలిగిన మనిషే కల్ట్‌కు నిలుస్తుందన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

నిందలు

1975 న్యూయార్క్ చలనచిత్రోత్సవంలో చూపినప్పటి నుంచే సినిమా మీద వాదాలు మొదలయ్యాయి. ఒంటరి ముసలావిడనూ, మనసు చెదిరిన కూతుర్నీ సంతలో నిలబెట్టి చూపించారని ఒక వాదం. 1976 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో వాల్టర్ గుడ్‌మన్ రాసిన వ్యాసం ఆ పక్షాన గట్టిగా నిలిచింది. పెద్ద ఈడీ వడలిన ఒంటిని, మురికి పరుపును చూపడం ఆయనకు మింగుడుపడలేదు. తల్లీకూతుళ్లు మాత్రం సినిమాను సొంతం చేసుకున్నారు. 1977 ఫిబ్రవరిలో చనిపోయే ముందు పెద్ద ఈడీని ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే, చెప్పాల్సిందంతా సినిమాలోనే ఉందన్నదని మేజల్స్ సోదరులు చెప్పేవారు. సినిమా తీసినవాళ్లే చెప్పిన ముచ్చట కాబట్టి దాని విలువ అంతవరకే.

గుడ్‌మన్ అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు విమర్శకులు కాక ప్రేక్షకులు ఇచ్చారు, అదీ ఇరవై ఏళ్లు తీసుకుని.

అభిమానుల చేతికి

మొదట పట్టుకున్నవాళ్లు న్యూయార్క్‌లోని గే ప్రేక్షకులు, ఆడవేషం కట్టే డ్రాగ్ కళాకారులు, ఫ్యాషన్ రంగం వాళ్లు. పాత సినిమాల హాళ్లలో వేసే ఆటలు, తర్వాత చేతులు మారే వీడియో క్యాసెట్లు దీనికి దారులు. ఇంట్లోవాళ్లు వద్దన్నట్టే ఉంటాను, ఊరు ఏమనుకున్నా ఈ గుడ్డ ఇలాగే కడతాను అన్న మనిషిలో వాళ్లు తమను చూసుకున్నారు. బయటివాళ్లకు పతనంగా కనిపించింది వాళ్లకు మొండి ధైర్యంగా కనిపించింది. ఒక దృశ్యంలో తానెంత గట్టిదో చెప్పడానికి చిన్న ఈడీ ఒక మాటను అక్షరం అక్షరంగా కూడబలుక్కుని పలుకుతుంది. ఆ అక్షరాలు అభిమానులకు మంత్రంలా అయ్యాయి.

తల్లి పోయిన ఏడాదికే, 1978 జనవరిలో, అరవై ఏళ్ల వయసులో చిన్న ఈడీ మాన్‌హాటన్‌లోని రీనో స్వీనీ అనే క్యాబరేలో పాడింది, ఆడింది, ప్రేక్షకుల ప్రశ్నలకు జవాబులిచ్చింది. అక్కడికి ఎవరు ఆరాధనతో వచ్చారో, ఎవరు వేళాకోళానికి వచ్చారో విడదీసి చెప్పడం కష్టం. కల్ట్ అభిమానంలో ఆ రెండూ ఒకే తాడు పేటలు.

మిగతాదంతా వరదలా వచ్చింది. 2001లో క్రైటీరియన్ సంస్థ డీవీడీ, అదే ఏడాది గాయకుడు రూఫస్ వెయిన్‌రైట్ పాట. 2006లో వాడకుండా మిగిలిన ఫిల్ముతో ఆల్బర్ట్ రెండో చిత్రం తయారుచేశారు. అదే ఏడాది నవంబరులో బ్రాడ్‌వేకు ‘గ్రే గార్డెన్స్’ సంగీత నాటకం ఎక్కింది. మొదటి అంకంలో పెద్ద ఈడీగా, రెండో అంకంలో చిన్న ఈడీగా వేసిన క్రిస్టీన్ ఎబర్‌సోల్‌కు టోనీ అవార్డు వచ్చింది. ఆ మొదటి అంకం 1941లో జరిగినట్టు అల్లిన నిశ్చితార్థం కథ, చాలావరకు కల్పన. అంటే డాక్యుమెంటరీ మనిషికి అప్పటికే ఒక పురాణం కావలసి వచ్చిందన్నమాట. 2007 చివర్లో ఫ్యాషన్ డిజైనర్ జాన్ గలియానో ప్యారిస్‌లో చూపిన దుస్తుల్లో ఆ తలకట్టు ఛాయలు కనిపించాయి. 2009లో హెచ్‌బీఓ టెలివిజన్ చిత్రంలో డ్రూ బారీమోర్ కూతురిగా, జెస్సికా లాంజ్ తల్లిగా నటించారు. 2010లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ మూల చిత్రాన్ని జాతీయ చిత్రాల జాబితాలో చేర్చింది. 2013లో ‘రూపాల్స్ డ్రాగ్ రేస్’ పోటీలో జింక్స్ మాన్సూన్ చిన్న ఈడీ అనుకరణతో మెప్పించి ఆ సీజన్ గెలిచింది. అప్పటికి ఆ కార్యక్రమం చూస్తున్న కుర్రకారులో చాలామంది అసలు సినిమా చూడలేదనుకోవాలి. కల్ట్ పూర్తిగా పండేది అప్పుడే: మూలం చూడనివాళ్లకు కూడా వేషం తెలిసిపోతుంది.

ఇంకొందరు

వెస్ట్ వర్జీనియా కొండల్లో కాలిచప్పుడు నాట్యం చేసే జెస్కో వైట్ మీద 1991లో ‘డాన్సింగ్ ఔట్‌లా’ వచ్చింది. స్థానిక టీవీ కోసం తీసిన ఆ చిన్న చిత్రం కాపీ క్యాసెట్ల మీద దేశమంతా తిరిగింది. విస్కాన్సిన్‌లో అప్పులు చేసి భయానక లఘుచిత్రం తీయడానికి తంటాలు పడిన మార్క్ బోర్చర్ట్, అతని నెమ్మది మిత్రుడు మైక్ షాంక్ 1999 నాటి ‘అమెరికన్ మూవీ’తో చిత్ర విద్యార్థులకు ఇలవేల్పులయ్యారు. జాక్ రెబ్నీ కథ వీటికి తిరగేసినట్టుంటుంది. 1980ల చివర్లో విన్నెబాగో వాహనాల ప్రచార చిత్రం తీస్తుండగా ఆయన తిట్టిన తిట్లు సరదాగా కాపీ చేసిన టేపుల మీద వ్యాపించి, తర్వాత యూట్యూబ్ ఎక్కాయి. ఆయనకా సంగతే సరిగా తెలియదు. కొండల్లో ఒంటరిగా ఉంటున్న ఆయన్ని వెతికి పట్టుకుని 2009లో ‘విన్నెబాగో మ్యాన్’ తీశారు. చూపు పోయిన ఆ ముసలాయన శాన్ ఫ్రాన్సిస్కో హాల్లో తన అభిమానుల ముందు నిలబడే దృశ్యమే ఆ చిత్రానికి ప్రాణం.

2020 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ డాక్యుమెంటరీ ‘టైగర్ కింగ్’తో పులులు పెంచే జో ఎగ్జోటిక్‌కు ఒక్క వారంలో వచ్చిన పేరు చిన్న ఈడీకి పాతికేళ్లలో రాలేదు. లాక్‌డౌన్ తీసేశాక అది నిలవలేదు కూడా. అంత వేగంగా వచ్చిన పేరును ఎవరూ తాము కనిపెట్టుకున్నామని చెప్పుకోలేరు, అందుకే కాపాడుకోరు.

మన దేశంలో దీనికి బాగా దగ్గరగా వచ్చేది మహారాష్ట్ర మాలేగావ్. మరమగ్గాల ఊరు. అక్కడ వీడియో పార్లర్ నడిపిన నాసిర్ షేక్ పేరున్న సినిమాలకు స్థానిక వెటకారపు రూపాలు తీసేవాడు. ఫైజా అహ్మద్ ఖాన్ డాక్యుమెంటరీ ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలేగావ్’ వాళ్ల సూపర్‌మన్ చిత్రీకరణను పట్టుకుంది. మరమగ్గం పనిచేసే షఫీక్, ఎముకలు తేలిన ఒంటి మీద సూపర్‌మన్ దుస్తులతో, కనిపించగానే నవ్వించి వెంటనే గుండె పట్టేస్తాడు. 2012లో చిత్రం హాళ్లకు వచ్చేసరికే అతను క్యాన్సర్‌తో పోయాడు. 2024లో రీమా కాగ్తీ ఆ బృందం కథను ‘సూపర్‌బాయ్స్ ఆఫ్ మాలేగావ్’గా తీశారు. అందులో నాసిర్‌గా వేసిన ఆదర్శ్ గౌరవ్ జంషెడ్‌పూర్‌లో తెలుగు కుటుంబంలో పుట్టినవాడు.

డబ్బు, సమ్మతి

బ్రహ్మానందం ముఖకవళిక ఒకటి ఏ సినిమాలోదో గుర్తులేకుండానే రోజూ వేల వాట్సాప్ గ్రూపులు తిరుగుతుంది. అయితే ఆయన నటుడు, ఆ సన్నివేశానికి పారితోషికం తీసుకున్నారు. డాక్యుమెంటరీ మనిషికి అలాంటి ఒప్పందం ఉండదు, లేదా ఒక్క కాగితం మీద సంతకంతో ముగిసిపోతుంది.

ఈ గొడవ బాహాటంగా రచ్చకెక్కింది ‘ప్యారిస్ ఈజ్ బర్నింగ్’ విషయంలో. న్యూయార్క్‌లో నల్లజాతి, లాటినో గే, ట్రాన్స్ జనం జరుపుకునే వేషపోటీల మీద జెన్నీ లివింగ్‌స్టన్ తీసిన ఈ చిత్రం 1990లో వచ్చింది. పెప్పర్ లబేజా, డోరియన్ కోరీ, విల్లీ నింజా చిరస్మరణీయులయ్యారు. వాళ్ల వాడుక మాటలు టీవీ కార్యక్రమాల దాకా, అక్కడి నుంచి కాలేజీ పిల్లల కబుర్ల దాకా పాకాయి. హాళ్లలో 40 లక్షల డాలర్ల దాకా వసూలు చేసిన ఆ చిత్రం నుంచి తమ వాటా ఏదని కొందరు లాయర్లను ఆశ్రయించారు. చివరికి 13 మందికి కలిపి సుమారు 55 వేల డాలర్లు, తెర మీద కనిపించిన సమయాన్ని బట్టి పంచారు. భాష, నడక, వేషం వాళ్లవి. పంపకం మాత్రం నిమిషాల లెక్కన.

ఇంటి తర్వాతి కథ

1979లో చిన్న ఈడీ ఇంటిని వాషింగ్టన్ పోస్ట్ సంపాదకుడు బెన్ బ్రాడ్లీ, ఆయన భార్య, పాత్రికేయురాలు సాలీ క్విన్‌లకు 2,20,000 డాలర్లకు అమ్మింది. కూల్చకూడదన్నదే ఆమె పెట్టిన షరతు. వాళ్లు మాట నిలబెట్టుకుని ఇంటిని బాగు చేసుకున్నారు. 2017లో అదే ఇల్లు కోటిన్నర డాలర్లకు పైగా ధరకు మళ్లీ చేతులు మారింది. చిన్న ఈడీ అక్కడా ఇక్కడా ఉండి చివరికి ఫ్లోరిడాలోని బాల్ హార్బర్ చేరింది. అభిమానుల ఉత్తరాలు అక్కడికీ వచ్చేవి. 2002 జనవరిలో 84వ ఏట కన్నుమూసింది.

కొనడానికి వచ్చిన మొదటి రోజు సంగతి సాలీ క్విన్ తర్వాత చాలాసార్లు చెప్పారు. పైకప్పు కుంగి, నేల విరిగి, పిల్లుల కంపు నిలబడనివ్వని ఆ హాల్లోకి చిన్న ఈడీ ఆమెను తీసుకెళ్లిందట. మధ్యలో ఆగి, కాలి వేళ్ల మీద గిరుక్కున ఒక చుట్టు తిరిగి, దీనికి ఒక్క పూత రంగు వేస్తే చాలునని చెప్పిందట.